ఇటాలియన్ పౌరుల బంధువులకు కుటుంబ వీసా: చట్టపు నిర్వచనం, తెలుగు బంధుత్వ పదజాలం

వ్యాససంగ్రహం

ఇటలీ పౌరసత్వం గల వ్యక్తికి బంధువులైన విదేశీయులు ఆ దేశంలో ప్రవేశించడానికీ నివసించడానికీ కోరే కుటుంబ వీసా చూపులకు ఒక దరఖాస్తు వ్యవహారం. కుటుంబమంటే ఎవరన్న ప్రశ్నకు ఒక రాజ్యం ఇచ్చిన సమాధానం దాని వెనుక ఉంది. ఆ సమాధానం తెలుగు కుటుంబం తనను తాను పిలుచుకునే పదాలతో అన్ని చోట్లా పొసగదు. ఈ వ్యాసం ఇటలీ చట్టంలోని కుటుంబ సభ్యుని నిర్వచనాన్నీ, పోషణాధారం, వివాహం, ఇంటిపేరు అనే అంశాలనూ తెలుగు బంధుత్వ పదజాలం పక్కన పెట్టి వివరిస్తుంది. పత్రాల అనువాదంలో ఏర్పడే అర్థభేదాలు దరఖాస్తుదారుల హక్కులపై చూపే ప్రభావం ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: ఇటలీ, కుటుంబ వీసా, బంధుత్వ పదజాలం, ద్రావిడ బంధుత్వం, వివాహ నమోదు, ఇంటిపేరు, అనువాదం.

1. ప్రవేశిక

తెలుగులో ‘బంధువు’ అనే మాటకు హద్దు చెప్పడం కష్టం. పెళ్ళి పిలుపుల జాబితా రాసేటప్పుడు ఆ హద్దు ఊరంతా పాకుతుంది. ఆస్తి పంపకాల వేళ నాలుగు గోడలకు కుంచించుకుపోతుంది. సందర్భాన్ని బట్టి సాగే ఈ గుణం వల్లనే ఆ పదం సామాజిక జీవితంలో బతికి ఉంది. చట్టానికి అటువంటి సాగుడు పనికిరాదు. ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు గుమ్మం బయట ఆగాలి అని తేల్చడానికి అది గీత గీయవలసిందే. ఆ గీత ఎక్కడ పడిందో తెలియక, ‘దగ్గరి బంధువులమే కదా’ అన్న ధీమాతో పత్రాలు సమర్పించి తిరస్కారం పొందేవారికి నష్టం డబ్బుతో పోదు. వృద్ధురాలైన తల్లి ఒంటరిగా మిగలడం, కొత్తగా పెళ్ళైన దంపతులు నెలల తరబడి వేరువేరు ఖండాలలో గడపడం దాని ఫలితాలు.

ఇటలీలో స్థిరపడిన భారతీయులలో పంజాబీలు, మలయాళీలు అధికంగా కనిపిస్తారు. తెలుగువారు అక్కడికి ఎక్కువగా విద్యార్థులుగా, పరిశోధకులుగా, సాంకేతిక నిపుణులుగా వెళ్తున్నారు. వారిలో కొందరు ఇటాలియన్లను వివాహమాడుతున్నారు. మరికొందరు 1992 నాటి 91వ చట్టం ప్రకారం పదేళ్ళ చట్టబద్ధ నివాసం తరువాత తామే ఇటలీ పౌరులవుతున్నారు. తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని పొగిడే మాట అందరికీ తెలిసిందే. అజంతత్వంలో కుదిరిన ఆ పోలిక బంధుత్వ పదాల దగ్గర మాత్రం నిలవదు.

2. రెండు చట్టాలు, రెండు ద్వారాలు

ఇటలీలో కుటుంబ వలసకు వేరువేరు మూలాలున్న రెండు చట్టాలు ఉన్నాయి. మొదటిది 1998 జూలై 25 నాటి 286వ శాసనాదేశం. దీన్ని వలసల ఏకీకృత చట్టంగా వ్యవహరిస్తారు. ఇటలీలో నివసించే విదేశీయుడు తన కుటుంబాన్ని పిలిపించుకోవడం దీని 29వ అధికరణం కిందికి వస్తుంది. అతడు నిర్ణీత ఆదాయాన్నీ, తగిన నివాసాన్నీ చూపి, ప్రెఫెత్తూరా అనబడే జిల్లాస్థాయి ప్రభుత్వ కార్యాలయం నుండి ‘నుల్లా ఓస్తా’, అంటే అభ్యంతరం లేదన్న అనుమతి, ముందుగా పొందాలి. ఆ తరువాతే స్వదేశంలోని బంధువు వీసాకు వెళ్ళగలడు.

రెండవది 2007 ఫిబ్రవరి 6 నాటి 30వ శాసనాదేశం. ఐరోపా సమాఖ్య 2004లో వెలువరించిన 38వ నిర్దేశాన్ని ఇటలీ ఈ రూపంలో అమలుచేసింది. సమాఖ్య పౌరుల స్వేచ్ఛాసంచార హక్కు దీనికి పునాది. పౌరుడు స్వేచ్ఛగా తిరగగలగాలంటే కుటుంబం వెంట ఉండాలి. కాబట్టి కుటుంబ సభ్యునికి ఒక ఉపలబ్ధ హక్కు, అంటే పౌరుని హక్కు నుండి పుట్టిన హక్కు, ఏర్పడుతుంది. దీని 23వ అధికరణం ఇటాలియన్ పౌరుల విదేశీ కుటుంబ సభ్యులకు కూడా ఈ మేలైన నిబంధనలను వర్తింపజేసింది. నుల్లా ఓస్తా అవసరం లేదు. 5వ అధికరణం ప్రకారం వీసా ఉచితంగా, ఇతర దరఖాస్తుల కంటే ప్రాధాన్యంతో ఇవ్వాలి.

కాబట్టి పిలిచే వ్యక్తి పౌరుడా, కేవలం నివాసానుమతి గలవాడా అన్నది మొదటి ప్రశ్న. ఇటలీలో ఉద్యోగం చేస్తున్న తెలుగు యువకుడు భార్యను పిలిపించుకోవడం, అదే యువకుడు పౌరసత్వం వచ్చాక ఆమెను పిలిపించుకోవడం వేరువేరు ద్వారాల గుండా జరిగే పనులు. ఒకరి పత్రాల జాబితాను చూసి మరొకరు నడుచుకుంటే కాలమంతా వ్యర్థమవుతుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. సమాఖ్య న్యాయం పుట్టింది దేశాల మధ్య కదిలే పౌరుల కోసం. స్వదేశం వదలని పౌరుని విషయం ఆ దేశపు అంతర్గత వ్యవహారమే. ఈ భేదం స్పష్టపడటానికి కారణమైన తొలి తీర్పులలో ఒకటి భారతీయునికి సంబంధించినదే. 1992లో వెలువడిన సురీందర్ సింగ్ తీర్పు, బ్రిటిష్ భార్యతో జర్మనీలో పనిచేసి తిరిగి బ్రిటన్‌కు వచ్చిన భారతీయ భర్తకు సమాఖ్య న్యాయం కింద నివాసహక్కు ఉంటుందని తేల్చింది. అదే దంపతులు బ్రిటన్ విడిచి వెళ్ళకపోయి ఉంటే ఆ హక్కు ఉండేది కాదు. 2014 నాటి ‘ఓ మరియు బి’ తీర్పు మరో దేశంలోని ఆ నివాసం నిజమైనదై, కుటుంబ జీవితం అక్కడ ఏర్పడి లేదా బలపడి ఉండాలని వివరించింది.

ఇటలీ చాలాకాలం ఈ భేదాన్ని పాటించలేదు. కదిలిన పౌరునికీ కదలని పౌరునికీ ఒకే నివాసపత్రం ఇచ్చింది. 2023 జూన్ 13 నాటి 69వ అత్యవసర ఆదేశం, దాన్ని స్థిరపరచిన ఆగస్టు 10 నాటి 103వ చట్టం ఈ స్థితిని మార్చాయి. స్వేచ్ఛాసంచార హక్కును వినియోగించుకోని పౌరులను వాడుకలో ‘స్థిర’ పౌరులనీ, వినియోగించుకున్నవారిని ‘చలన’ పౌరులనీ అంటున్నారు. స్థిర పౌరుల బంధువులకు ‘ఫామిట్’ అనే సంక్షిప్త నామంతో అయిదేళ్ళ నివాసానుమతి, చలన పౌరుల బంధువులకు సమాఖ్య నమూనా నివాసపత్రం ఇస్తారు. ఒకే పాస్‌పోర్టు గల ఇద్దరు పౌరులలో ఒకరు కొన్నాళ్ళు ఫ్రాన్స్‌లో పనిచేసినందున ఆయన భార్య చేతిలోని పత్రం వేరుగా ఉండటం సూత్రప్రాయంగా సమర్థనీయం కావచ్చు గాని, న్యాయంగా తోచదు.

3. ఎవరు కుటుంబం? ఎవరు బంధువు?

2007 శాసనాదేశపు 2వ అధికరణం కుటుంబ సభ్యులను ఇలా నిర్వచిస్తుంది: జీవితభాగస్వామి, చట్టం వివాహంతో సమానంగా గుర్తించిన నమోదిత భాగస్వామి, 21 ఏళ్ళలోపు వయసున్న లేదా పోషణకు ఆధారపడిన ప్రత్యక్ష సంతతి, పోషణకు ఆధారపడిన ప్రత్యక్ష పూర్వీకులు. సంతతి, పూర్వీకులు అన్నప్పుడు పౌరునివారే కాక ఆయన భాగస్వామివారూ లెక్కలోకి వస్తారు. ఇటాలియన్ యువతిని పెళ్ళాడిన తెలుగు యువకుని తల్లిదండ్రులు, అంటే ఆమె అత్తమామలు, ఈ నిర్వచనంలో ఉన్నారు. అతని అన్న, అక్క, మేనమామ లేరు.

ఈ గీత నిలువుగా గీసినది. పైకి తాతముత్తాతల దాకా, కిందికి మునిమనుమల దాకా వెళ్తుంది గాని పక్కకు ఒక్క అడుగు వేయదు. తెలుగు బంధుత్వ వ్యవస్థ బలమంతా పక్కకు విస్తరించడంలోనే ఉంది. లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలో తమిళ, కన్నడాలతో పాటు తెలుగు పదాల పట్టికలు కూడా ఉన్నాయి. ఈ వ్యవస్థపై థామస్ ట్రాట్‌మన్ 1981లో ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ వెలువరించాడు. తండ్రి సోదరుడు పెదనాన్న లేదా చిన్నాన్న, అంటే ఒక రకపు నాన్నే. ఆయన కొడుకు అన్న లేదా తమ్ముడు. తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లలూ అంతే. మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం బావ, మరదలు, వదిన, బావమరిది. రక్తసంబంధపు దూరం రెండు వైపులా ఒకటే అయినా పదాలు వివాహయోగ్యతను బట్టి విడిపోయాయి.

ఇటాలియన్ పౌరస్మృతికి ఈ భేదం తెలియదు. దాని 74వ అధికరణం ఒకే మూలపురుషుని నుండి వచ్చినవారి సంబంధాన్ని ‘పారెంతేలా’ అంటుంది. 76వ అధికరణం మెట్ల లెక్క చెబుతుంది: ఉమ్మడి పూర్వీకుని దాకా ఎక్కి, మళ్ళీ దిగి, ఆ పూర్వీకుని మినహాయించి లెక్కించాలి. ఆ ప్రకారం తోబుట్టువులు రెండవ మెట్టు, మేనమామ మూడవ మెట్టు, పెదనాన్న కొడుకూ మేనమామ కొడుకూ నాలుగవ మెట్టు. ఆరవ మెట్టు దాటితే సాధారణంగా చట్టానికి బంధుత్వమే లేదు. వివాహం వల్ల ఏర్పడే బంధుత్వం ‘అఫ్ఫినితా’. ఒకరికి తన జీవితభాగస్వామి రక్తబంధువులతో ఉండే సంబంధమే అది. ఇరువైపుల బంధువుల మధ్య పరస్పరం చట్టసంబంధం ఏదీ లేదు. వియ్యంకుడికి ఇటాలియన్ వాడుకలో ‘కోన్సువోచెరో’ అనే చక్కని మాట ఉంది. పౌరస్మృతి లెక్కలో మాత్రం వియ్యంకులు ఒకరికొకరు పరాయివారే. తోడల్లుళ్ళ సంగతీ ఇంతే.

అనువాదంలో ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. ఇటాలియన్‌లో ‘నిపోతే’ అనే ఒకే మాట మనవడికీ, మనవరాలికీ, మేనల్లుడికీ, మేనకోడలికీ, అన్నదమ్ముల పిల్లలకూ వర్తిస్తుంది. మనవడు ప్రత్యక్ష సంతతి కనుక 21 ఏళ్ళలోపు అయితే కుటుంబ సభ్యుడే. మేనల్లుడు కాడు. తెలుగులో ఎన్నడూ కలవని రెండు పదాలు అనువాదంలో ఒకటైపోయి, హక్కున్నవాని పత్రం సందేహానికి గురి కావచ్చు. ‘కొడుకు కొడుకు’, ‘అక్క కొడుకు’ అని సంబంధాన్ని విడమరచి ‘ఫిల్యో దెల్ ఫిల్యో’, ‘ఫిల్యో దెల్లా సొరెల్లా’ అని రాయించడమే దీనికి విరుగుడు.

దీనికి ఎదురు దిశలో మరొక చిక్కు ఉంది. తెలుగులోని ‘అన్న’ ఇంగ్లీషు అఫిడవిట్‌లో ‘బ్రదర్’ అవుతుంది. అక్కడి నుండి ఇటాలియన్‌లో ‘ఫ్రతెల్లో’. పెదనాన్న కొడుకు ఈ రెండు అడుగుల్లో సొంత సోదరుడవుతాడు. జనన ధ్రువపత్రాలలో తల్లిదండ్రుల పేర్లు వేరుగా కనిపించగానే అది అబద్ధపు ప్రకటనలా తోస్తుంది. మన ఇంగ్లీషులోని ‘ఓన్ బ్రదర్’, ‘కజిన్ బ్రదర్’, ‘కో-బ్రదర్’, ‘కో-సిస్టర్’ వంటి మాటలు తెలుగు వ్యవస్థను ఇంగ్లీషులో నిలుపుకోవడానికి పుట్టినవి. భాషాశాస్త్ర దృష్టితో అవి ముచ్చటైనవి. కాన్సులేట్ బల్ల మీద ప్రమాదకరమైనవి.

నిలువు గీతకు బయట ఉన్నవారికి 3వ అధికరణం ఒక సన్నని దారి వదిలింది. స్వదేశంలో పౌరునిపై ఆధారపడినవారు లేదా ఆయన ఇంట్లోనే కలిసి జీవించినవారు, తీవ్ర అనారోగ్యం వల్ల ఆయన స్వయంగా చూసుకోవలసినవారు, అధికారిక పత్రాలతో రుజువైన స్థిర సంబంధం గల భాగస్వాములు దీనిలోకి వస్తారు. వీరికి హక్కు లేదు. ప్రవేశాన్ని ‘సులభతరం’ చేయాలని మాత్రమే చట్టం అంటుంది. 2012 నాటి రహ్మాన్ తీర్పు ఈ మాటకు కొంత బరువు ఇచ్చింది: దరఖాస్తుదారుని స్వీయ పరిస్థితులను లోతుగా పరిశీలించాలి, తిరస్కరిస్తే కారణాలు చెప్పాలి.

ఇక్కడ ఒక విచిత్రమైన అసమానత ఉంది. ఇటాలియన్ పౌరుని తోబుట్టువుకు వీసా హక్కు లేకపోయినా, ఇటలీలో ఉండి ఆ పౌరునితో కలిసి నివసిస్తుంటే 1998 శాసనాదేశపు 19వ అధికరణం బహిష్కరణ నుండి రక్షిస్తుంది; రెండవ మెట్టు దాకా బంధువులకు ఈ రక్షణ ఉంది. లోపల ఉన్న చెల్లెలిని పంపించరాదని చెప్పే చట్టం బయట ఉన్న చెల్లెలిని రానివ్వాలని చెప్పదు.

4. పోషణాధారం: తల్లిదండ్రుల ప్రశ్న

తెలుగు కుటుంబాలకు అన్నిటికంటే ముఖ్యమైనది ఈ అంశమే. విదేశీ నివాసి తన తల్లిదండ్రులను పిలిపించుకోవాలంటే 29వ అధికరణం కఠినమైన షరతు పెడుతుంది: వారికి స్వదేశంలో వేరే సంతానం ఉండకూడదు. 65 ఏళ్ళు దాటినవారైతే, మిగిలిన సంతానం తీవ్రమైన ఆరోగ్య కారణాల వల్ల పోషించలేని స్థితిలో ఉన్నట్టు పత్రాలతో చూపాలి. పౌరుని బంధువులకు వర్తించే 2007 శాసనాదేశంలో ఈ షరతు లేదు. తండ్రి లేదా తల్లి పోషణకు ఆధారపడి ఉంటే చాలు. ఊళ్ళో ఇంకో ముగ్గురు బిడ్డలున్నారా లేదా అన్నది హక్కుకు అడ్డు కాదు. ఈ భేదం తెలియక, తోబుట్టువులున్నందుకు తమ తల్లికి అర్హత లేదని ముందే విరమించుకోవడం నష్టదాయకం.

ఆధారపడటమంటే ఏమిటో సమాఖ్య న్యాయస్థానం 2007 నాటి జియా తీర్పులో వివరించింది. ఆ వ్యాజ్యంలోని చైనా మహిళ స్వీడన్‌లో ఉంటున్న జర్మన్ పౌరురాలికి అత్తగారు. ఆమె తన కనీసావసరాలు తీర్చుకోవడానికి కొడుకు కోడళ్ళ ఆర్థిక సహాయం అవసరమైన స్థితిలో ఉండాలనీ, ఆ అవసరం స్వదేశంలోనే ఉండి ఉండాలనీ, దాన్ని తగిన ఏ ఆధారంతోనైనా రుజువు చేయవచ్చనీ, ‘ఇకపై పోషిస్తాం’ అన్న హామీ ఒక్కటే చాలినంత కాకపోవచ్చనీ న్యాయస్థానం చెప్పింది. 2014 నాటి రేయెస్ తీర్పు మరో అడుగు వేసింది: చాలాకాలం పాటు క్రమంగా డబ్బు పంపడం నిజమైన ఆధారానికి సాక్ష్యం కాగలదు, ఆధారపడటానికి కారణమేమిటని తవ్వనక్కరలేదు.

తెలుగు కుటుంబంలో తల్లిదండ్రుల పోషణ ఎక్కువగా బ్యాంకు గుండా జరగదు. సెలవుకు వచ్చినప్పుడు చేతిలో పెట్టే నోట్లు, మందుల దుకాణంలో కట్టిన బాకీ, ఇంటి పైకప్పు మరమ్మతు, తమ్ముడి ఖాతాకు పంపి ‘అమ్మకివ్వు’ అని చెప్పిన మొత్తాలు దాని రూపాలు. నైతికంగా ఇవన్నీ పోషణే. సాక్ష్యంగా నిలిచేది తల్లి పేర ఉన్న ఖాతాకు నెలనెలా వెళ్ళిన మొత్తం. పైగా ఆత్మగౌరవం అడ్డొస్తుంది. ‘నాకేం తక్కువ, నా పింఛను నాకుంది, పొలం ఉంది’ అని చెప్పుకోవడం పెద్దలకు అలవాటు. వీసా అధికారి ముందు ఆ మాట దరఖాస్తును బలహీనపరుస్తుంది. పట్టాదారు పాస్‌పుస్తకాన్ని ‘స్వదేశంతో అనుబంధానికి’ రుజువుగా జతచేయడం పర్యాటక వీసా దరఖాస్తుల నుండి వచ్చిన అలవాటు. పోషణాధారం చూపవలసిన చోట అది ఎదురు తిరగవచ్చు. పొలం ఉండి కూడా కౌలు చేతికి రాని పరిస్థితి ఉంటే ఆ సంగతిని పత్రాలలో వివరించాలి.

5. వివాహం: రుజువు, అనుమానం, నిషేధం

భర్త లేదా భార్యగా వెళ్ళేవారికి మూలపత్రం వివాహ ధ్రువపత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల తప్పనిసరి నమోదు చట్టం వచ్చింది. అయినా అవసరం పడేదాకా నమోదు చేయించని కుటుంబాలు ఉన్నాయి. ఇరువురూ హిందువులైతేనే 1955 హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. ఇటాలియన్ వధువు లేదా వరుడు క్రైస్తవులైతే గుడిలో తాళి కట్టినంత మాత్రాన ఆ చట్టం కింద వివాహం చెల్లదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసుతో చేసుకోవడమే సాధారణ మార్గం.

ధ్రువపత్రానికి భారత విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర కావాలి. భారతదేశం హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరినది 2005లో. ఇటాలియన్ అనువాదంతో కలిపి ఆ పత్రాన్ని కాన్సులేట్ ద్వారా ఇటలీలోని కొమూనే, అంటే పురపాలక కార్యాలయం, రిజిస్టరులోకి ఎక్కిస్తారు. పౌరుడు విదేశంలో చేసుకున్న వివాహం ఇటలీ రికార్డులో కనిపించడం ఆ తరువాతి పనులన్నిటికీ ఆధారమవుతుంది.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళకు మరో చిక్కుంది. వీసా కోసమే చేసుకున్న కపట వివాహాన్ని తిరస్కరించే అధికారం సమాఖ్య నిర్దేశంలోనే ఉంది. పరిచయకాలం తక్కువ, కలిసి నివసించిన చరిత్ర లేదు, పెళ్ళికి ముందు ఇద్దరూ కొద్దిసార్లే కలిశారు అన్నవి అనుమాన లక్షణాలుగా కనిపించవచ్చు. పెళ్ళిచూపుల సంప్రదాయం ఈ లక్షణాలన్నిటినీ నిజాయితీగానే కలిగి ఉంటుంది. ఐరోపా కమిషన్ 2014లో వెలువరించిన కరదీపిక కుదిర్చిన వివాహాలను కపట వివాహాలతో కలపరాదని గుర్తించింది. నిశ్చితార్థపు ఫోటోలు, శుభలేఖ, ఇరు కుటుంబాల మధ్య జరిగిన సంప్రదింపులు ఈ సందర్భంలో ఆచారపు వస్తువులు మాత్రమే కావు. చట్టానికి అర్థమయ్యే సాక్ష్యాలు.

మేనమామ, మేనకోడలి వివాహం మరింత సున్నితమైన విషయం. హిందూ వివాహ చట్టం ఆ సంబంధాన్ని నిషిద్ధ సంబంధాలలో చేర్చి, ఆచారం అనుమతిస్తే మినహాయించింది. తెలుగు కుటుంబాలలో ఆ ఆచారం ప్రసిద్ధమే. ఇటలీ పౌరస్మృతి 87వ అధికరణం కూడా మామ, మేనకోడలి వివాహాన్ని నిషేధిస్తుంది. అయితే న్యాయస్థానం అనుమతి ఇవ్వవచ్చని చెబుతుంది. 115వ అధికరణం ప్రకారం ఇటలీ పౌరుడు విదేశంలో పెళ్ళి చేసుకున్నా స్వదేశపు అర్హతా నిబంధనలకు బద్ధుడే. కాబట్టి ఇటలీ పౌరసత్వం పొందిన తెలుగువాడు అక్క కూతురిని పెళ్ళాడదలిస్తే ముందుగా ఆ అనుమతి పొందాలి. మేనత్త కూతురితో, మేనమామ కూతురితో వివాహానికి ఇటలీ చట్టంలో ఆటంకం లేదు. చట్టం దృష్టిలో పెదనాన్న కూతురితోనూ లేదు! తెలుగు ఊహకు కూడా అందని వివాహాన్ని అనుమతించి, తెలుగు ఆచారం మెచ్చిన వివాహానికి కోర్టు గడప చూపడం ఈ రెండు వ్యవస్థల మధ్య దూరానికి కొలమానం.

స్వలింగ జంటల స్థితి వేరు. ఇటలీలో 2016 నాటి 76వ చట్టం పౌర సంయోగాన్ని గుర్తించింది. అదే సంవత్సరం జూన్ 30న ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం టాడ్డెయూచ్చి, మెక్‌కాల్ వ్యాజ్యంలో, ఇటాలియన్ పౌరుని న్యూజిలాండ్ భాగస్వామికి కుటుంబ నివాసానుమతి నిరాకరించడం వివక్ష అని తీర్పు చెప్పింది. భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది గనుక, భారతీయ భాగస్వామి స్వదేశం నుండి చూపగల వివాహపత్రమే ఉండదు. ఇటలీలో లేదా మరో దేశంలో జరిగిన నమోదే వారికి ఆధారం.

6. ఇంటిపేరు

ఇటాలియన్ దరఖాస్తులో రెండు గళ్ళుంటాయి: ‘కొన్యోమె’, అంటే ఇంటిపేరు, ‘నోమె’, అంటే పేరు. తెలుగు పేరు ఈ గళ్ళలో ఒకే తీరుగా ఇమడదు. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉండవచ్చు లేదా ఒక్క అక్షరంగా ఉండవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలో పడి ఉండవచ్చు. పెళ్ళైన స్త్రీకి పుట్టింటి పేరుతో చదువు పత్రాలు, అత్తింటి పేరుతో ఆధార్, రెండింటిలో ఏదో ఒకదానితో పాస్‌పోర్టు ఉండటం సామాన్యం.

ఇటలీలో స్త్రీ వివాహానంతరం పుట్టింటి పేరును కోల్పోదు. 1975 కుటుంబ చట్ట సంస్కరణతో వచ్చిన 143-బిస్ అధికరణం భర్త ఇంటిపేరును చేర్చుకోవడం గురించే చెబుతుంది గాని మార్చుకోవడం గురించి కాదు. అధికారిక పత్రాలలో ఆమె పుట్టినప్పటి పేరే ఉంటుంది. ఆ అలవాటులో పెరిగిన గుమాస్తాకు, జనన పత్రంలో ఒక ఇంటిపేరు, పాస్‌పోర్టులో మరొకటి గల స్త్రీ ఇద్దరు మనుషుల్లా కనిపిస్తే తప్పుపట్టలేం. ‘ఇద్దరూ ఒకరే’ అన్న అఫిడవిట్ దీనికి వాడుకలో ఉన్న పరిష్కారం. పాస్‌పోర్టును ముందే సరిచేయించడం మరింత గట్టిది.

ఇటలీ చేరాక ఇచ్చే పన్ను సంకేతం ‘కోదిచే ఫిస్కాలే’ ఈ సమస్యకు వింతైన రూపమిస్తుంది. పదహారు అక్షరాంకాలున్న ఆ సంకేతంలో మొదటి మూడు ఇంటిపేరు నుండి వస్తాయి. ఇంటిపేరు మూడు అక్షరాల కంటే చిన్నదైతే మిగిలిన స్థానాన్ని ఎక్స్‌తో నింపుతారు. ఇంటిపేరు గడిలో ఒక్క రోమన్ అక్షరమే ఉన్న తెలుగువారి సంకేతం ఆ అక్షరం, వెంట రెండు ఎక్స్‌లతో మొదలవుతుంది. తరాల చరిత్ర, ఊరి గుర్తు, కులపు ఆనవాలు మోసే ఇంటిపేరు అక్కడ అలా మిగులుతుంది. బ్యాంకు, ఆసుపత్రి, అద్దె ఒప్పందం అన్నీ ఆ సంకేతంతోనే నడుస్తాయి కనుక తరువాత పాస్‌పోర్టులో పేరు విస్తరింపజేసుకుంటే అన్నిటినీ మళ్ళీ సరిచేయించుకోవాలి.

7. దరఖాస్తు, తిరస్కారం

వీసా దరఖాస్తుకు పాస్‌పోర్టు, బంధుత్వాన్ని చూపే పత్రం, పౌరుని పౌరసత్వ రుజువు, పోషణాధారం చూపవలసినవారికి ఆ ఆధారాలు ముఖ్యం. మీసేవ ద్వారా వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఉపయోగపడే పత్రమే గాని జనన, వివాహ పత్రాల స్థానాన్ని భర్తీ చేయదు. 2009లో ఐరోపా కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సమాఖ్య పౌరుల కుటుంబ సభ్యుల వీసా నిర్ణయానికి నాలుగు వారాలు మించిన ఆలస్యం సమంజసం కాదు. బయటి సంస్థల ద్వారా దరఖాస్తులు తీసుకున్నా నేరుగా కాన్సులేట్‌కు వెళ్ళే వీలు ఉంచాలి. తిరుగు టికెట్టు, ఉద్యోగ ధ్రువపత్రం, స్వదేశానికి మరలి వస్తామన్న హామీ వంటివి పర్యాటక వీసాకు తగినవి. కుటుంబంతో కలిసి ఉండటానికి వెళ్ళేవారిని ‘తిరిగి వస్తారా?’ అని అడగడం హక్కు స్వభావానికే విరుద్ధం.

తిరస్కారానికి లిఖితపూర్వక కారణం ఉండాలి. పర్యాటక వీసా తిరస్కారంపై పాలనా న్యాయస్థానానికి వెళ్ళాలి; కుటుంబ హక్కుకు సంబంధించిన తిరస్కారం సాధారణ సివిల్ న్యాయస్థానం పరిధిలోకి వస్తుంది. ఈ విభజనలో ఒక భావం ఉంది. మొదటిది ప్రభుత్వ విచక్షణపై వివాదం, రెండవది వ్యక్తి హక్కుపై వివాదం.

8. చేరిన తరువాత

మూడు నెలలకు మించి ఉండదలచినవారు నివాస ప్రాంతపు క్వెస్తూరాలో, అంటే పోలీసు ప్రధాన కార్యాలయంలో, నివాసపత్రానికి దరఖాస్తు చేయాలి. సమాఖ్య నమూనా పత్రం అయిదేళ్ళు చెల్లుతుంది; ఉద్యోగం చేసుకునే హక్కు దానితో వస్తుంది. అయిదేళ్ళ నిరంతర నివాసం తరువాత శాశ్వత నివాస హక్కు ఏర్పడుతుంది. ఏడాదిలో ఆరు నెలలకు మించని గైర్హాజరీ ఈ నిరంతరతను చెరపదు. ముఖ్యమైన కారణముంటే ఒక్కసారి పన్నెండు నెలల దాకా వెళ్ళవచ్చు. ఆ కారణాలకు చట్టం ఇచ్చిన ఉదాహరణలలో గర్భం, ప్రసవం ముందు వరుసలో ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వెళ్ళే తెలుగు ఆచారం కోసమే రాసినట్టుండే నిబంధన ఇది. వైద్య పత్రాలు భద్రపరచుకుంటే చాలు.

జీవితభాగస్వామి హక్కు మరొకరి హక్కు నుండి పుట్టినదైనా, ఆ మరొకరు లేకపోతే కూలిపోకుండా చట్టం కొంత కట్టడి చేసింది. పౌరుడు మరణిస్తే, అంతకుముందు కనీసం ఒక ఏడాది ఇటలీలో నివసించిన కుటుంబ సభ్యుని హక్కు నిలుస్తుంది. విడాకుల విషయంలో 12వ అధికరణం కొన్ని మార్గాలు చూపింది: విడాకుల ప్రక్రియ మొదలయ్యేలోగా వివాహం కనీసం మూడేళ్ళు సాగి, అందులో కనీసం ఒక ఏడాది ఇటలీలో గడిచి ఉండటం, పిల్లల సంరక్షణ దక్కడం, గృహహింస వంటి క్లిష్ట పరిస్థితిలో ఉండటం. ‘వీసా రద్దు చేయిస్తాను’ అనే బెదిరింపుతో నోరు మూయించబడే స్త్రీకి ఈ అధికరణం తెలియడం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఈ మూడేళ్ళ లెక్కలో భారతీయ ధ్రువపత్రంలోని తేదీలు కీలకమవుతాయి. హిందూ వివాహ చట్టం కింద ఇచ్చే ధ్రువపత్రంలో వివాహం జరిగిన తేదీ ఒకటి, నమోదు తేదీ మరొకటి ఉంటాయి. ముహూర్తం నాటికీ వీసా కోసం నమోదు చేయించిన నాటికీ మధ్య రెండేళ్ళు గడిచి ఉండవచ్చు. వివాహం చెల్లుబాటయ్యేది క్రతువు జరిగిన నాటి నుండి; నమోదు దానికి రుజువు మాత్రమే. అనువాదకుడు రెండు తేదీలనూ విడివిడిగా, ఏది దేనికి సంబంధించినదో స్పష్టంగా రాయకపోతే, కొమూనే రిజిస్టరులో నమోదు తేదీయే వివాహ తేదీగా ఎక్కుతుంది. ఆమె లెక్కలోంచి ఆ రెండేళ్ళు జారిపోతాయి.